పంట్లో కొలాజెన్ ఎంత? దేంట్లో ఎంత?

(బయోకెమిస్ట్రీ, దంతవైద్య పీజీ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు ఒక లెక్క చేద్దాం.

నూరు మిల్లీగ్రాముల ఎండు ఎముక పొడి ఉందనుకోండి. అందులో 70 ఖనిజం, 25 కొలాజెన్ (ఎముకకూ పంటికీ నారల్లా పట్టునిచ్చే ప్రొటీన్), మిగిలిన 5 ఇతర ప్రొటీన్లూ అవీ. కొలాజెన్ ఎంత? 25 శాతం. ఇప్పుడు అదే పొడిలోంచి 20 మిల్లీగ్రాముల ఖనిజం కరిగి పోయింది. జబ్బు వల్ల కావచ్చు, ఆమ్లం వల్ల కావచ్చు. కొలాజెన్ జోలికి ఎవరూ పోలేదు. మళ్లీ కొలవండి. 80లో 25, అంటే 31.25 శాతం. కొత్తగా ఒక్క అణువు పుట్టలేదు, అయినా కాగితం మీద కొలాజెన్ పావు వంతు పెరిగింది.

ఇవాళ నేను చెప్పేదంతా ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది. ‘కొలాజెన్ ఇంత ఉంది’ అని ఎవరైనా అంటే రెండు ప్రశ్నలు వేయండి. దేంట్లో ఇంత? తడి బరువులోనా, ఎండు బరువులోనా, ఘనపరిమాణంలోనా, ఖనిజంతో పోల్చా? ఇది మొదటిది. రెండోది, అసలు కొలిచింది దేన్ని? ఎందుకంటే కొలాజెన్‌ను నేరుగా ఎవరూ కొలవరు. దాని గుర్తును కొలుస్తారు. ఒకరు హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆమ్లాన్ని కొలుస్తారు, ఒకరు నైట్రజన్‌ను, ఒకరు ఇన్‌ఫ్రారెడ్‌లో ఒక పట్టీని. ఆ గుర్తుకూ కొలాజెన్‌కూ మధ్య ఎప్పుడూ ఒక ఊహ ఉంటుంది. ఆ ఊహ తప్పితే రంగు ఎంత అందంగా వచ్చినా అంకె తప్పే.

పదార్థం సంగతి తొందరగా చూసి ముందుకు పోదాం, ఇది మీకు తెలిసిందే. ఎముక బరువులో సుమారు 65 శాతం ఖనిజం, 25 శాతం సేంద్రియ పదార్థం, 10 శాతం నీరు. పంటికి ముఖ్య భాగమైన డెంటిన్‌లో ఇవే వరసగా 70, 20, 10. రెండింటిలోనూ సేంద్రియ భాగంలో దాదాపు 90 శాతం టైప్ 1 కొలాజెన్. వేరు పై పొర సిమెంటమ్‌లో ఖనిజం తక్కువ, సగం దగ్గర ఉంటుంది. పంటిని పైన కప్పే గట్టి పొర ఎనామిల్ మాత్రం వేరే జాతి. అందులో 96 శాతం ఖనిజం, ఉన్న కాస్త ప్రొటీన్ కూడా కొలాజెన్ కాదు, అమెలోజెనిన్ కుటుంబానిది. అందుకే ‘పంటిలో కొలాజెన్ శాతం’ అనే మాటకు అర్థం లేదు. పంటిని మొత్తంగా నూరి కొలిస్తే మీరు కొలిచేది ఆ పన్నులో ఎనామిల్ ఎంత మందంగా ఉందన్నదే. డెంటిన్ అనండి, అది కూడా కిరీటం డెంటినా, వేరు డెంటినా అనేది చెప్పండి.

ఇక గుర్తు గురించి. కొలాజెన్ మూడు గొలుసుల పురి. ప్రతి మూడో అమైనో ఆమ్లం గ్లైసిన్. మిగతా రెండు చోట్లలో ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్ ఎక్కువగా కూర్చుంటాయి. ఈ ముప్పేట పురిని ప్రపంచానికి ముందుగా ప్రతిపాదించింది మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. అది 1954లో. వాళ్లకు కొలాజెన్ నమూనాలు పక్కనే అడయారులో ఉన్న కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ నుంచి వచ్చాయి. తర్వాతి కాలంలో ఆ సంస్థకు డైరెక్టరై దాన్ని పెద్ద చేసింది మన యలవర్తి నాయుడమ్మగారు. తోలు అంటే కొలాజెనే కదా. మన పక్కింట్లో జరిగిన పని ఇది, గుర్తుపెట్టుకోదగ్గది.

హైడ్రాక్సీప్రోలిన్ మిగతా ప్రొటీన్లలో చాలా అరుదు. సాగే కణజాలాల ప్రొటీన్ ఎలాస్టిన్‌లో కాస్త, రక్తంలోని సీ1క్యూ అనే ప్రొటీన్‌లో కాస్త ఉంటుంది. ఎముకలోనూ డెంటిన్‌లోనూ ఎలాస్టిన్ బెడద లేదు కాబట్టి ఈ గుర్తు ఇక్కడ చర్మంలో కంటే, రక్తనాళాల్లో కంటే శుభ్రంగా పనిచేస్తుంది. క్షీరదాల టైప్ 1 కొలాజెన్ బరువులో హైడ్రాక్సీప్రోలిన్ 13 నుంచి 14 శాతం. కాబట్టి హైడ్రాక్సీప్రోలిన్ బరువును 7.1 నుంచి 7.7 మధ్య ఏదో ఒక గుణకంతో హెచ్చిస్తే కొలాజెన్ వస్తుంది. ఆ ‘ఏదో ఒకటి’ దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు చేతిపని. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. తప్పుల్లో ఎక్కువ భాగం స్పెక్ట్రోఫొటోమీటర్ దగ్గర జరగవు. పన్ను సీసాలో పడ్డ క్షణం నుంచి పొడి తూకం వేసేదాకా జరుగుతాయి.

తీసిన పన్నును ఏ ద్రవంలో నిల్వ ఉంచారో ముందు తెలుసుకోండి. క్లినిక్‌లో శుభ్రం కోసమని సోడియం హైపోక్లోరైట్‌లో వేసి ఉంచితే ఆ పన్నును కొలాజెన్ పనికి పక్కన పెట్టేయండి. హైపోక్లోరైట్ ప్రొటీన్‌ను తినేస్తుంది, పై పొరల్లోంచి మొదలుపెట్టి లోపలికి పోతుంది. ఫార్మలిన్‌లో ఉంచితే గొలుసుల మధ్య కొత్త బంధాలు పడతాయి. ఆమ్లంలో పూర్తిగా విడగొట్టే పద్ధతికి అది పెద్ద అడ్డంకి కాకపోవచ్చు గానీ, వేడినీళ్లలో జెలటిన్‌గా కరిగించే పద్ధతులూ ఎంజైమ్‌తో కోసే పద్ధతులూ దెబ్బతింటాయి. 0.5 శాతం క్లోరమిన్-టీలోనో, 0.1 శాతం థైమాల్‌లోనో 4 డిగ్రీల దగ్గర ఉంచిన పన్ను పనికొస్తుంది. దీర్ఘకాలానికైతే సెలైన్‌లో తడిపిన గాజ్‌గుడ్డలో చుట్టి మైనస్ 20లో పెట్టండి.

తర్వాత చుట్టూ ఉన్నదంతా తీసేయాలి. పన్నును ఎముకకు పట్టి ఉంచే, వేరు మీద అంటుకున్న పీరియోడాంటల్ లిగమెంటు దాదాపుగా కొలాజెనే, లోపలి గుజ్జులోనూ కొలాజెన్ ఉంది. పది మిల్లీగ్రాముల డెంటిన్‌లో ఒక మిల్లీగ్రాము ఎండు లిగమెంటు కలిసిందంటే మీ అంకె ఎంత ఎగురుతుందో వేసుకోండి. స్కేలర్‌తో గీకి, గుజ్జుగదిని ఖాళీ చేసి, ఎనామిల్‌ను కోసి తీసేసి, నిదానంగా తిరిగే డైమండ్ రంపంతో నీళ్లు పోస్తూ ముక్క తీయండి. నీళ్లు ఎందుకంటే వేడి తగిలితే కొలాజెన్ పురి విప్పుకుంటుంది.

ఎముకైతే మూలుగ. నీటిధారతో స్పంజి గదుల్లోంచి మూలుగను కడిగేయాలి, ఆ తర్వాత కొవ్వు తీయాలి. క్లోరోఫాం రెండు పాళ్లు, మిథనాల్ ఒక పాలు, రాత్రంతా, రెండు మార్లు. కొవ్వు మిగిలితే ఏమవుతుంది? అందులో హైడ్రాక్సీప్రోలిన్ లేదు గానీ బరువుంది. అంటే హారం పెరిగి కొలాజెన్ తగ్గినట్టు వస్తుంది. మూలుగ ఎక్కువున్న వయసు మళ్లిన ఎముకకూ, గట్టి కార్టికల్ ఎముకకూ పోలిక పెట్టినప్పుడు ఈ ఒక్క తప్పు చాలు, లేని తేడా పుట్టిస్తుంది.

పొడి చేయడం ద్రవ నైట్రజన్‌లోనే. మామూలు మిక్సీ జార్‌లో గిర్రున తిప్పితే వేడెక్కుతుంది, పైగా పొడి సమంగా రాదు. జల్లెడ పట్టి 250 మైక్రాన్ల కంటే సన్నగా ఉన్నదే తీసుకుంటాం అనుకోండి, జల్లెడ మీద మిగిలినదాన్ని పారేయకండి. మళ్లీ నూరి అదే జల్లెడలోంచి దింపండి. ఖనిజం ఎక్కువున్న భాగం ముందు పొడి అవుతుంది, కొలాజెన్ ఎక్కువున్న భాగం నారలాగా సాగి జల్లెడ మీద నిలుస్తుంది. దాన్ని పారేశారంటే కొలాజెన్‌నే పారేశారన్నమాట.

ఆ తర్వాత ఫ్రీజ్ డ్రయ్యర్‌లో స్థిరమైన బరువు వచ్చేదాకా ఆరబెట్టండి. ఇవాళ తూచి, రేపు తూచి, తేడా లేకపోతేనే ఆరినట్టు. ఆరిన పొడి గాలిలో తేమను గబగబా పీల్చుకుంటుంది. వానాకాలంలో మూత తీసి ఉంచిన సీసా తక్కెడ మీద మీ కళ్లముందే బరువెక్కుతుంది. డెసికేటర్‌లోంచి తీసి వెంటనే తూచండి, ఒకేరోజు అన్ని నమూనాలూ తూచండి.

ఇక జలవిశ్లేషణ, అంటే ప్రొటీన్‌ను అమైనో ఆమ్లాలుగా విడగొట్టడం. 10 మిల్లీగ్రాముల పొడికి 1 మిల్లీలీటర్ 6 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 110 డిగ్రీల సెల్సియస్, 18 గంటలు. 16 నుంచి 24 దాకా ఎంతైనా పెట్టొచ్చు, హైడ్రాక్సీప్రోలిన్ ఆ ఆమ్లానికి తట్టుకుంటుంది. గాఢ ఆమ్లానికి సమానంగా నీళ్లు కలిపితే 6 మోలార్ దగ్గరికి వస్తుంది. నీళ్లలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు కాదు. టెఫ్లాన్ పొర ఉన్న మూత గల గాజు వయల్ వాడండి, లేదా గాజు ఆంప్యూల్‌ను మంటలో మూసేయండి. ఓవెన్‌లో పెట్టేముందు ఒకసారి, తీసి చల్లారాక ఒకసారి ప్రతి వయల్‌నూ తూచండి. ఈ తూకం ఎవరూ వేయరు. మూత సందుల్లోంచి ఆమ్లం కొంత ఎగిరిపోయిన వయల్ ఇక్కడే పట్టుబడుతుంది. పూర్తిగా ఎండి నల్లగా మాడినది ఎటూ కనిపిస్తుంది. సగం ఎగిరినదే ప్రమాదం, చూపుకు మామూలుగా ఉంటుంది, అందులోంచి కొంత తీసి కొలిస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది.

(సభలోంచి ప్రశ్న: మేడం, సోడియం హైడ్రాక్సైడ్‌తో ఆటోక్లేవ్‌లో ఇరవై నిమిషాల్లో అయిపోతుంది కదా, అది వాడకూడదా?)

మంచి ప్రశ్న. 2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్, 120 డిగ్రీలు, 20 నిమిషాలు. కండరానికీ చర్మానికీ హాయిగా పనిచేస్తుంది. కానీ క్షారం ఎముక ఖనిజాన్ని కరిగించదు. ఖనిజం కణాల మధ్య ఇరుక్కున్న కొలాజెన్‌కు క్షారం పూర్తిగా అందదు. ఆమ్లమైతే ఖనిజాన్నీ ప్రొటీన్‌నూ ఒకేసారి కరిగిస్తుంది. కాబట్టి ముందే ఖనిజం తీసేసిన నమూనాకైతే క్షారం సరే, పచ్చి ఎముక పొడికి వద్దు.

ఖనిజం ముందే తీయాలా అని తర్వాత అడుగుతారు, ఇప్పుడే చెప్పేస్తాను. మొత్తం కొలాజెన్ కావాలంటే తీయక్కర్లేదు. తీస్తే మటుకు, తీసిన ద్రవాన్ని పారబోయకండి. తెగిపోయిన కొలాజెన్ ముక్కలు అందులోకి జారిపోతాయి. పుచ్చిన డెంటిన్‌లోనూ, ఆమ్లంతో ఎచింగ్ చేసి నిల్వ ఉంచిన డెంటిన్‌లోనూ అసలు చూడాల్సింది ఆ ముక్కలనే. ఆ ద్రవంలోనూ హైడ్రాక్సీప్రోలిన్ కొలిచి రెండింటినీ కలపండి. ఖనిజం తీయడానికి వాడే ఈడీటీఏ కలిపేటప్పుడు ఒక మాట. 0.5 మోలార్‌కు లీటరుకు 186.1 గ్రాముల డైసోడియం లవణం, డైహైడ్రేట్. పీహెచ్ 8 దగ్గరికి వచ్చేదాకా అది కరగదు. కరగడం లేదని నీళ్లు కలిపి గాఢత పాడుచేయకండి, సోడియం హైడ్రాక్సైడ్ పలుకులు వేస్తూ పోండి, సుమారు 20 గ్రాములు పడతాయి. 4 డిగ్రీల దగ్గర, రెండు మూడు రోజులకోసారి ద్రావణం మారుస్తూ, వారాలు పట్టే పని ఇది. ఖనిజం పోయిందా లేదా అన్నది ఎక్స్‌రేలో చూడండి. మెత్తబడిందా అని సూదితో గుచ్చి చూడటం వద్దు, గుచ్చిన చోటే మెత్తగా ఉండొచ్చు.

మళ్లీ ఆమ్లం దగ్గరికి. 18 గంటలయ్యాక ఆమ్లాన్ని వదిలించుకోవాలి. చాలామంది క్షారం పోసి తటస్థం చేస్తారు. చర్మానికైతే సరే. ఎముక హైడ్రోలైసేట్‌లో, అంటే ఆమ్లంలో విడగొట్టగా వచ్చిన ద్రవంలో, కాల్షియం, ఫాస్ఫేట్ నిండా ఉంటాయి. పీహెచ్ పెరగ్గానే తెల్లటి మడ్డిలా కాల్షియం ఫాస్ఫేట్ దిగుతుంది, పిపెట్‌లోకి ఒకసారి మడ్డి, ఒకసారి తేట వస్తాయి. తటస్థం చేయక తప్పకపోతే పొటాషియం హైడ్రాక్సైడ్ మాత్రం వాడకండి. తర్వాత రంగు కోసం పోసే ఎర్లిక్ ద్రావణంలో పర్‌క్లోరిక్ ఆమ్లం ఉంది. పొటాషియం పర్‌క్లోరేట్ తెల్లటి స్ఫటికాలుగా దిగి క్యువెట్‌ను మసక చేస్తుంది, విద్యార్థి దాన్ని రంగు అనుకుంటాడు.

మెరుగైన దారి, ఆమ్లాన్ని వాక్యూమ్‌లోనో, 60 డిగ్రీల దగ్గర నైట్రజన్ ఊదుతూనో ఆవిరి చేయడం. ఫ్యూమ్ హుడ్‌లోనే. ఇక్కడ ఇంకో తేడా. కండరం హైడ్రోలైసేట్ ఎండి అడుగున పట్టుకుంటుంది. ఎముకది ఎండదు, పాకంలా జిగటగా మిగులుతుంది, ఎందుకంటే ఫాస్ఫారిక్ ఆమ్లం ఎగరదు, కాల్షియం క్లోరైడ్ తేమను వదలదు. అది పూర్తిగా ఎండాలని రాత్రంతా కూర్చోకండి. ఆమ్లం వాసన పోయి బరువు నిలకడ అయితే చాలు. 1 మిల్లీలీటర్ నీళ్లలో కలిపేయండి.

రంగు పరీక్ష. హైడ్రాక్సీప్రోలిన్‌ను క్లోరమిన్-టీతో ఆక్సీకరించి పైరోల్‌గా మార్చడం, దాన్ని ఎర్లిక్ ద్రావణంతో గులాబీ ఎరుపు చేయడం. స్టెగెమాన్ 1958లో వేసిన దారి ఇది, ఇప్పటికీ అదే నడుస్తోంది. బఫర్ లీటరుకు: సోడియం అసిటేట్ ట్రైహైడ్రేట్ 120 గ్రాములు, సిట్రిక్ ఆమ్లం 46 గ్రాములు, అసిటిక్ ఆమ్లం 12 మిల్లీలీటర్లు, సోడియం హైడ్రాక్సైడ్ 34 గ్రాములు, పీహెచ్ 6.5. క్లోరమిన్-టీ 0.056 మోలార్. 20 మిల్లీలీటర్ల 50 శాతం ఎన్-ప్రొపనాల్‌లో కరిగించి బఫర్‌తో 100కు తెండి.

ఇక్కడ ఆగండి. ఎన్ని గ్రాములు? పాత పద్ధతుల్లో 1.27 గ్రాములని ఉంటుంది. అది నీళ్లు లేని క్లోరమిన్-టీకి లెక్క, అణుభారం 227.6. మీ అల్మరాలో ఉన్న సీసా మీద చూడండి, చాలాసార్లు ట్రైహైడ్రేట్ ఉంటుంది, అణుభారం 281.7. దానికి 1.58 గ్రాములు కావాలి. చూడకుండా 1.27 వేస్తే ఆక్సీకరణి ఐదో వంతు తక్కువ పడుతుంది. స్టాండర్డులకు, అంటే హైడ్రాక్సీప్రోలిన్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలకు, అది చాలినట్టే ఉంటుంది, ఎందుకంటే వాటిలో హైడ్రాక్సీప్రోలిన్ ఒక్కటే ఉంది. నమూనాలో మిగతా అమైనో ఆమ్లాలన్నీ క్లోరమిన్-టీ కోసం పోటీపడతాయి. నమూనా అంకె మాత్రం తగ్గుతుంది, స్టాండర్డ్ గీత తిన్నగా ముద్దుగా వస్తుంది. తప్పు ఎక్కడుందో తెలియదు.

దీన్ని పట్టుకునే ఉపాయం చాలా చవకైనది. నమూనాను సగానికి పలచన చేసి మళ్లీ కొలవండి. అంకె సరిగ్గా సగమైతే సరే. సగం కంటే ఎక్కువొస్తే చిక్కటి గొట్టంలో ఏదో అడ్డుపడుతోందన్నమాట, ఆక్సీకరణి చాలకపోవడమో, ఉప్పు ఎక్కువవడమో, ఆమ్లం మిగలడమో. ప్రతి కొత్త రకం నమూనాకు ఇది ఒక్కసారైనా చేయాలి.

ఎర్లిక్ ద్రావణం: పారా-డైమిథైల్ అమినో బెంజాల్డిహైడ్ 15 గ్రాములు, ఎన్-ప్రొపనాల్ రెండు పాళ్లు, పర్‌క్లోరిక్ ఆమ్లం ఒక పాలు, మొత్తం 100 మిల్లీలీటర్లు. అప్పటికప్పుడు కలపండి. పర్‌క్లోరిక్ ఆమ్లమూ సేంద్రియ ద్రావణీ కలిసి ఎండితే పేలే గుణం ఉంది. బల్ల మీద ఒలికితే వెంటనే నీళ్లతో తుడవండి, మిగిలినదాన్ని తెరిచి ఉంచి ఆరనివ్వకండి.

నమూనా 50 మైక్రోలీటర్లు, క్లోరమిన్-టీ 450, మెల్లగా కలిపి గది ఉష్ణోగ్రతలో 25 నిమిషాలు. ఎర్లిక్ 500, వెంటనే బాగా కలిపి 65 డిగ్రీల నీళ్లలో 20 నిమిషాలు. చల్లార్చి 550 నానోమీటర్ల దగ్గర చదవండి. మన ఏసీ గదికీ, ఏసీ లేని గదికీ ‘గది ఉష్ణోగ్రత’ ఒకటి కాదు, మే నెలలో అసలే కాదు. అందుకే స్టాండర్డులు ప్రతిరోజూ, ప్రతి బ్యాచ్‌తో పాటే నడవాలి. నిన్నటి గీతతో ఇవాళ్టి నమూనా చదవకూడదు. స్టాండర్డులు గొట్టానికి 2 నుంచి 20 మైక్రోగ్రాములు. పైన వంగితే వంగిన భాగాన్ని వదిలేసి నమూనాను పలచన చేయండి.

ప్రతి నమూనాకూ పోలిక కోసం ఒక బ్లాంక్ గొట్టం పెట్టండి, అన్నీ వేసి బెంజాల్డిహైడ్ మాత్రం లేకుండా. హైడ్రోలైసేట్ గోధుమరంగులో ఉంటే ఆ రంగు ఎంతో అది చెబుతుంది. స్వచ్ఛమైన టైప్ 1 కొలాజెన్‌ను, ఎలుక తోక స్నాయువుదైనా ఎద్దు స్నాయువుదైనా, ప్రతి బ్యాచ్‌లో మీ పొడితో పాటే ఓవెన్‌లో పెట్టండి. ఒక నమూనాకు తెలిసినంత హైడ్రాక్సీప్రోలిన్‌ను ఆమ్లం పోయకముందే కలిపి, చివర్లో అది ఎంత తిరిగి వచ్చిందో చూడండి.

లెక్క చూద్దాం. 10 మిల్లీగ్రాముల ఎండు డెంటిన్, 1 మిల్లీలీటర్‌లోకి వచ్చింది. 50 మైక్రోలీటర్లలో 13.2 మైక్రోగ్రాములు తేలింది. అంటే మొత్తం 264, మిల్లీగ్రాము డెంటిన్‌కు 26.4 మైక్రోగ్రాముల హైడ్రాక్సీప్రోలిన్. 13.5 శాతం అనుకుని 7.4తో హెచ్చిస్తే 195, అంటే 19.5 శాతం కొలాజెన్. ఇదే 14 శాతం అనుకుంటే 7.14తో 18.8. 13 అనుకుంటే 7.7తో 20.3. పొడి అదే, రంగు అదే, కేవలం గుణకంతో ఒకటిన్నర శాతం అటూ ఇటూ. ఇద్దరు వేర్వేరు గుణకాలు వాడి ‘మా డెంటిన్‌లో ఎక్కువ’ అని వాదించుకోవచ్చు. నా గట్టి అభిప్రాయం, మీ పట్టికలో మొదటి వరసలో హైడ్రాక్సీప్రోలిన్ అంకెనే వేయండి. కొలిచింది అదే. కొలాజెన్ పక్క వరసలో, గుణకం పేరు పెట్టి వేయండి.

గుణకం ఇంకో చోట పూర్తిగా మోసం చేస్తుంది. చలి సముద్రాల చేపల కొలాజెన్‌లో హైడ్రాక్సీప్రోలిన్ తక్కువ. కాడ్ చేపలో వెయ్యి అమైనో ఆమ్లాలకు 50 దగ్గర, ఆవులో వంద దగ్గర. ఆవు గుణకంతో కాడ్ ఎముకను లెక్కిస్తే సగం కొలాజెన్ మాయమవుతుంది. అలాగే ప్రోలిన్‌ను హైడ్రాక్సీప్రోలిన్‌గా మార్చే ఎంజైముకు విటమిన్ సి కావాలి. విటమిన్ సి లోపం ఉన్న జంతువు మీద ప్రయోగమైతే కొలాజెన్ తగ్గిందా, దాని మీది హైడ్రాక్సిల్ గుర్తు తగ్గిందా అన్నది ఈ పద్ధతి ఒక్కటే తేల్చలేదు.

(ప్రశ్న: నైట్రజన్ అనలైజర్ ఉంటే ఇంత కష్టం ఎందుకండీ?)

ఉంటే వాడండి. కానీ ప్రొటీన్‌కు అలవాటుగా వేసే 6.25 గుణకం ఇక్కడ వేయకండి. కొలాజెన్‌లో నైట్రజన్ 18.6 శాతం దాకా ఉంటుంది, గుణకం 5.4 దగ్గర. 6.25 వేస్తే పదహారు శాతం ఎక్కువ చూపిస్తుంది. తాజా ఎముకలో నైట్రజన్ 4 శాతం దగ్గర. 4ను 5.4తో హెచ్చిస్తే 21.6, సరిపోయింది కదా. ఐతే నైట్రజన్‌కు ఏ ప్రొటీనైనా ఒకటే, రక్తమైనా, మిగిలిన ఈడీటీఏ అయినా ఒకటే. ఈడీటీఏలో నైట్రజన్ బరువులో పదో వంతు దాకా ఉంటుంది. ఈడీటీఏతో ఖనిజం తీసిన నమూనాను నైట్రజన్ యంత్రానికి ఇవ్వాలంటే నీళ్లు మార్చి మార్చి కడగాలి.

పురావస్తు ఎముకల వాళ్లు దీన్ని ఇంకో రకంగా వాడతారు. కార్బన్ డేటింగ్‌కు పంపే ముందు ఎముకలో కొలాజెన్ మిగిలిందా అన్నది ముందుగా నైట్రజన్‌తో చూస్తారు. మొత్తం ఎముకలో 0.7 శాతం దగ్గర ఒక గీత గీసుకుంటారు. వేడి, తేమ ఉన్న మన నేలల్లో చాలా ఎముకలు ఆ గీత దిగువనే ఉంటాయి. తర్వాత 1971లో లాంగిన్ చెప్పగా తర్వాతివాళ్లు సవరించిన దారి: చల్లటి 0.5 మోలార్ ఆమ్లంలో ఖనిజం తీసి, పీహెచ్ 3 నీళ్లలో 70 డిగ్రీల దగ్గర జెలటిన్‌గా కరిగించి, వడకట్టి, ఎండబెట్టి తూచడం. తాజా ఎముక నుంచి 20 శాతం పైన వస్తుంది, 1 శాతం కంటే తక్కువొస్తే ఆ ఎముకను నమ్మరు. వచ్చినదానికి కార్బన్-నైట్రజన్ నిష్పత్తి 2.9 నుంచి 3.6 మధ్య ఉండాలి. ఇది అణువుల నిష్పత్తి. యంత్రం ఇచ్చేది బరువుల శాతం. 14ను 12తో భాగిస్తే వచ్చే 1.167తో హెచ్చించడం మరిచిపోతే మంచి కొలాజెన్ కూడా 2.7 చూపించి చెత్తబుట్టలో పడుతుంది. 30 కిలోడాల్టన్ల వడపోత గొట్టాలు వాడితే వాటి పొరకు పూసిన గ్లిజరిన్‌ను ముందు బాగా కడగాలి. అది వట్టి కార్బన్‌ను తెచ్చిపెడుతుంది. ఇంకొక్కటి. ఇలా చేతికొచ్చిన బరువు ‘దిగుబడి’, ‘ఉన్నది’ కాదు. దారిలో పోయిన ముక్కలు అందులో లేవు.

కాంతితో కొలిచే ఇన్‌ఫ్రారెడ్, రామన్ పద్ధతుల గురించి రెండు మాటలే. ఇన్‌ఫ్రారెడ్‌లో 1650 దగ్గరి అమైడ్ 1 పట్టీ ప్రొటీన్‌ది, 900 నుంచి 1200 దాకా పెద్ద గుట్ట ఫాస్ఫేట్‌ది. రెండింటి నిష్పత్తి ఖనిజానికీ, దాన్ని పట్టి ఉంచే ప్రొటీన్ మాతృకకూ మధ్య తూకం. అది పోలిక, శాతం కాదు. శాతం కావాలంటే హైడ్రాక్సీప్రోలిన్ తెలిసిన నమూనాలతో గీత గీసుకోవాలి. నీటి పట్టీ 1640 దగ్గరే ఉంటుంది కాబట్టి ఆరని పొడి కొలాజెన్ ఎక్కువున్నట్టు నటిస్తుంది. రామన్‌లో 960 ఫాస్ఫేట్‌ది. కొలాజెన్‌కు అమైడ్ 1 కంటే 855, 875 దగ్గరి ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్ పట్టీలు నయం, ఎందుకంటే నారలు ఏ దిక్కుకు పడుకున్నాయన్నదాన్ని బట్టి అమైడ్ 1 ఎత్తు మారుతుంది. సిరియస్ రెడ్ రంగు అద్దకాన్ని కణజాలంలో కొలాజెన్ ఎక్కడుందో చూడటానికి ఉంచండి, ఎంతుందో చెప్పడానికి వద్దు.

పరికరాలు లేని చోట మఫుల్ ఫర్నేస్ (కరెంటు కొలిమి) చాలా పని చేస్తుంది. ఎండు పొడిని 600 డిగ్రీల దగ్గర 24 గంటలు కాల్చి బూడిదను తూచండి. పోయింది సేంద్రియ పదార్థమూ మిగిలిన నీరూ. 700 దాటనివ్వకండి, కార్బనేట్ కూడా పోవడం మొదలై సేంద్రియం ఎక్కువున్నట్టు వస్తుంది. నేనైతే ప్రతి హైడ్రాక్సీప్రోలిన్ కొలతకు జంటగా ఈ బూడిద అంకె అడుగుతాను. మొదట్లో వేసిన లెక్క గుర్తుందా, 25 కాస్తా 31.25 అయినది? బూడిద అంకె పక్కన ఉంటే ఆ మాయ వెంటనే విడిపోతుంది. ఆస్టియోమలేషియాలో ఖనిజం పట్టని కొత్త ఎముక పేరుకుంటుంది. బరువులో కొలాజెన్ శాతం పెరిగినట్టు వస్తుంది, బూడిద తగ్గినట్టు వస్తుంది, రెండూ కలిపి చదివితేనే జబ్బు అర్థమవుతుంది. ఆసుపత్రిలో తీసే డెక్సా స్కాన్ ఖనిజాన్నే చూస్తుంది, కొలాజెన్ దానికి కనబడదు. కొలాజెన్ జన్యువుల లోపం వల్ల ఎముకలు పెళుసయ్యే ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టాలో ఆ కనబడనిదే అసలు సంగతి. వీలైతే ముక్క ఘనపరిమాణాన్ని కూడా కోసినప్పుడే కొలిచి పెట్టుకోండి, పొడి చేశాక ఇక అది దొరకదు.

(ప్రశ్న: మేడం, నాకు ఒక్కో పేషెంటుకు ఒక్కటే పన్ను దొరుకుతుంది. గట్టిదనం పరీక్షా చేయాలి, రామనూ చేయాలి, కొలాజెనూ కొలవాలి. ఏ వరసలో?)

పాడుచేయనిది ముందు. పన్నును తడిగా ఉంచి, ముందు డెంటిన్ పలక కోయండి. మందం, పొడవు, వెడల్పు కొలిచి రాసుకోండి, అదే మీ ఘనపరిమాణం. ఆ తడి పలక మీదే రామన్, కాంతి ఎక్కువసేపు ఒకచోట నిలపకండి, డెంటిన్ వెలుగుతుంది, వేడెక్కుతుంది. తర్వాత మైక్రోహార్డ్‌నెస్, అది కూడా తడిగానే, ఎండిన డెంటిన్ వేరే పదార్థంలా ప్రవర్తిస్తుంది. అంటే ఫ్రీజ్ డ్రయ్యింగ్ అప్పటిదాకా వద్దు. హార్డ్‌నెస్ కోసం రెజిన్‌లో బిగించాల్సి వస్తే పలకలో ఒక మూల రెజిన్ తగలకుండా వదిలి, కొలాజెన్‌కు ఆ మూలనే వాడండి. రెజిన్ పొడిలో కలిస్తే బరువు పాడవుతుంది. ఆ మూలను కోసి, ఆరబెట్టి, నూరి, రెండుగా పంచండి. 10 మిల్లీగ్రాములు ఆమ్లానికి, మిగిలింది బూడిదకు. ఏ మూల ఏ వైపుదో, గుజ్జుకు దగ్గరో ఎనామిల్‌కు దగ్గరో, బొమ్మ గీసి పెట్టుకోండి. గుజ్జు దగ్గర సన్నటి గొట్టాలు ఎక్కువ, వాటి చుట్టూ ఉండే పెరిట్యూబ్యులర్ డెంటిన్‌లో కొలాజెన్ చాలా తక్కువ. ఒక పేషెంటుకు లోపలి మూల, ఇంకొకరికి బయటి మూల తీసుకుంటే మీరు పోల్చేది పేషెంట్లను కాదు, మూలలను.